ఎత్తు బండి, ఇరుకు వీధి

తార్నాకలో రెండు బెడ్‌రూముల ఫ్లాటు ఎంతుంటుందో అంత డబ్బు పెట్టి ఒక బండి కొని, దాన్ని పెట్టుకోవడానికి చోటు లేక పక్కింటి గేటుకు అడ్డంగా ఆపుకునేవాళ్లు మా చుట్టుపక్కల ఇప్పుడు ఇద్దరున్నారు. కుళ్లుకుని అంటున్న మాట కాదండీ. వాళ్ల డబ్బు, వాళ్ల ఇష్టం. కానీ ఈ బండి మోజు మెల్లగా నడిచొచ్చి మా ఇంటి తలుపు కూడా తట్టింది కాబట్టి, నాకు దీని మీద ఒక అభిప్రాయం ఏర్పడక తప్పలేదు.

ఏ బండి అంటారా? పేర్లు తెలియకపోయినా చూస్తే మీరు గుర్తుపడతారు. పెట్టెలా నలుచదరంగా, మనిషి ఛాతీ దాకా వచ్చే బానెట్‌తో, కొన్నయితే స్టెప్నీని వీపున మోసుకుంటూ పోతుంటాయే, అవి. డిఫెండర్, జీ వాగన్, ల్యాండ్ క్రూజర్. కొండలు, గుట్టలు, వాగులు, ఇసుక దిబ్బలు దాటడానికి పుట్టినవి. మా వీధిలో అవి దాటేదల్లా జీహెచ్‌ఎంసీ వాళ్లు తవ్వి పూడ్చకుండా వదిలేసిన గుంతని. దానికి కూడా నెమ్మదిగా, భయం భయంగా దిగుతాయి, ఎక్కడ గీత పడుతుందోనని!

నేను పొద్దున్నే తార్నాక వైపు నుంచి యూనివర్సిటీలోకి నడకకి వెళ్తాను. ఆదివారం పూట ఆర్ట్స్ కాలేజీ ముందు చూడాలి ఆ హడావిడి. పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకునే జంటలు ఒకవైపు, రీల్స్ తీసుకునే పిల్లలు ఇంకోవైపు. వాళ్ల మధ్య తళతళలాడే నల్ల బండి ఒకటి. ఒకబ్బాయి దాని తలుపు తీసుకుని దిగడం, నల్లద్దాలు పెట్టుకోవడం, మళ్లీ ఎక్కడం, మళ్లీ దిగడం. నేను అటు ఒక చుట్టు తిరిగొచ్చేసరికి ఇంకా దిగుతూనే ఉన్నాడు. చక్రాలకి పిసరంత మట్టి లేదు. ఆ పక్కనే చెట్ల కింద గ్రూప్స్‌కి చదువుకునే పిల్లలు, చాలామంది పల్లెల నుంచి వచ్చినవాళ్లు, పుస్తకాల మీంచి తలెత్తి ఒకసారి చూసి మళ్లీ దించేస్తారు. ఆ చూపులో ఏముందో నేను చెప్పలేను. కోరిక ఉండొచ్చు, విసుగూ ఉండొచ్చు.

అదే చోట నిలబడితే నాకు ఇంకో సంగతి గుర్తొస్తుంది. 1939లో ప్రారంభమైన ఆ రాతి భవనాన్ని కట్టించిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌ని, ప్రపంచంలోకెల్లా ధనవంతుడంటూ 1937లో టైమ్ పత్రిక ముఖచిత్రంగా వేసింది. ఆయనేమో మాసిన షేర్వాణీలు, చవక సిగరెట్లతో కాలక్షేపం చేసేవాడని మన పెద్దవాళ్లు కథలుగా చెప్పుకునేవారు. వాళ్ల నాన్నగారు సింహాసనం లాంటి సీటుతో ఒక రోల్స్‌రాయిస్ తయారుచేయించమని ఆర్డరిచ్చి, అది చేతికి రాకుండానే 1911లో పోయారు. ఆ తర్వాత వచ్చిన ఆ బండి కొన్ని వందల మైళ్లకి మించి తిరగనే లేదట. చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్తే చూడొచ్చు. అంత ఉన్నాయన ఆ బండితో పని లేకుండా బతికేశాడు. పిసినారి అన్నారు, అది వేరే విషయం అనుకోండి. బండి చూసి ఆయన్ని నవాబు అనుకోవాల్సిన అవసరం మాత్రం ఎవరికీ రాలేదు.

అసలీ బండ్ల పుట్టుక తెలిస్తే నవ్వొస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల కోసం 1941లో తయారైన విల్లీస్ జీపు వీటన్నిటికీ పెద్దన్న. యుద్ధం అయ్యాక మన మహీంద్రా వాళ్లు బొంబాయిలో ఆ జీపులు బిగించడం మొదలుపెట్టారు. 1948లో ఇంగ్లండులో ల్యాండ్ రోవర్ వచ్చింది, ప్రధానంగా రైతుల కోసం. పొలంలో బరువులు లాగాలి, బురదలో దిగబడకూడదు, అంతే. ఇప్పటి డిఫెండర్ దాని మనవడే. జీ వాగన్ 1979లో ఆస్ట్రియాలో సైన్యానికీ మొరటు పనులకీ వచ్చిన బండి. అంటే మన లెక్కలో చెప్పాలంటే ట్రాక్టరుకి దగ్గర చుట్టం. పొలం పనిముట్టుకి తోలు సీట్లు వేసి, చల్లగాలి పెట్టి, ధర కోటి దాటించారు. రేపు రోలుకి వెండి తొడుగు వేసి డ్రాయింగ్ రూములో పెట్టుకోమంటే పెట్టుకుంటాం కాబోలు.

మా చిన్నతనంలో జీపంటే ఊళ్లోకి తహసీల్దారు రావడం, ఎస్సై రావడం. లేదా సంతరోజు లోపల పన్నెండుమంది, వెనక వేలాడుతూ ఆరుగురు ఎక్కే సవారీ జీపు. మొదటిది వస్తే జనం పక్కకి తప్పుకునేవారు, రెండోది వస్తే పరుగెత్తి ఎక్కేవారు. నా ఉద్దేశంలో మనవాళ్ల మనసులో పాతుకుపోయింది ఆ మొదటి జీపే. తర్వాత సినిమాలు దానికి నీళ్లు పోశాయి. 1999లో సమరసింహారెడ్డి వచ్చాక ఎన్ని సినిమాల్లో వరసగా సుమోలు దుమ్ము లేపుకుంటూ వచ్చాయో, ఎన్ని గాల్లోకి లేచాయో లెక్కలేదు. సుమో అంటే కుటుంబం అంతా తిరుపతి వెళ్లే బండి అని తయారుచేసినవాళ్లు అనుకుని ఉంటారు, మనకి మాత్రం అది కత్తులు దిగే బండి అయింది. సుమో తర్వాత స్కార్పియో, స్కార్పియో తర్వాత ఫార్చ్యూనర్. నాయకుల కాన్వాయ్‌లో ఏ బండి చేరితే, రెండేళ్లకి పెళ్లి ఊరేగింపులో అదే బండి. ఇప్పుడు డిఫెండర్ వంతు. బండి మారింది గానీ అది మోసుకొచ్చే మాట ఒకటే, ‘తప్పుకోండి’ అని.

ఆ మాట ఎంత ఖరీదు పలుకుతుందో నంబరు ప్లేట్ల వేలంలో తెలుస్తుంది. 2024లో మన రాష్ట్రం కోడ్ టీఎస్ నుంచి టీజీకి మారిన కొత్తలో, ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసులో టీజీ 09 9999 అనే నంబరు ఒక్కటే 25 లక్షలు దాటి పలికింది. నాలుగు తొమ్మిదులకి పాతిక లక్షలు! అది తగిలించింది కూడా ఒక ల్యాండ్ క్రూజర్‌కే.

సరే, ఒకవైపే మాట్లాడితే న్యాయం కాదు. ఆ బండిలో నేనూ కూర్చున్నాను. హబ్సిగూడలో ఉండే మా స్నేహితురాలు డాక్టరు, సొంత సంపాదనతో కొనుక్కుంది. పక్క సీట్లో కూర్చుని ఉప్పల్ దాకా వెళ్లాను. ఎక్కడానికి చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మెట్టు మీద కాలేసి కాస్త కష్టపడాల్సి వచ్చింది గానీ, ఎక్కాక మాత్రం, నిజం చెబుతున్నాను, బాగుంది. బస్సు కిటికీలోంచి చూసినట్టు రోడ్డంతా కింద పరుచుకుని ఉంటుంది. ఆవిడ ఒక మాటంది. "చిన్న కారు నడిపినన్నాళ్లూ ఆడమనిషి అని తెలియగానే వెనక నుంచి హారన్లు, పక్క నుంచి ఒరుసుకుంటూ పోవడాలు, అద్దం దించి తిట్లు. నైట్ డ్యూటీ నుంచి వస్తుంటే బైకులు వెంటపడేవి. ఇది కొన్నాక ఒక్కడు దగ్గరికి రాడు." ఈ మాటకి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. మనలో బండి నడిపే ఎవరైనా ఆ హారన్లు తిన్నవాళ్లమే. ఆ నిశ్చింత కోటి రూపాయలకైనా దొరుకుతుందంటే, స్తోమత ఉన్న ఆడది ఎందుకు కొనుక్కోకూడదు?

ఇంటికొచ్చాక తట్టింది, ఆవిడకి దొరికిన ఆ నిశ్చింత రోడ్డు మీద ఇంకెవరి దగ్గర్నుంచో వచ్చిందే కదా అని. తార్నాక చౌరస్తాలో మెట్రో స్తంభాల కింద, కూరల సంచీతో రోడ్డు దాటేది నేను. నడుం ఎత్తు బానెట్ ఉన్న కారు తగిలితే మనిషి దాని మీద పడతాడు, ఛాతీ ఎత్తు బానెట్ తగిలితే కింద పడతాడు. అమెరికాలో బండ్ల భద్రత పరీక్షించే సంస్థ ఐఐహెచ్‌ఎస్ 2023లో లెక్క తేల్చింది. బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన బండి తగిలితే, తక్కువ ఎత్తుతో ముందుకి వాలుగా ఉండే కారుతో పోలిస్తే, నడిచేవాళ్లు చనిపోయే అవకాశం దాదాపు 45 శాతం ఎక్కువట. అంత ఎత్తులో కూర్చున్నవాళ్లకి బండికి సరిగ్గా ముందున్న చిన్నపిల్ల కనబడకపోవచ్చు కూడా. క్యాంపస్ రోడ్ల మీద ఫుట్‌పాత్ వదిలేసి కబుర్లాడుకుంటూ నడిచే ఆడపిల్లల్ని చూసినప్పుడల్లా నాకు ఆ అంకె గుర్తొస్తుంది. ముందు ఇనుప కమ్మీలు బిగించుకోవడాన్ని కేంద్రం 2017 డిసెంబరులో వద్దంది, అద్దాలకి నల్ల ఫిల్ములు 2012లో సుప్రీంకోర్టు వద్దంది. మా రోడ్డు మీద అరగంట నిలబడితే రెండూ కనిపిస్తాయి.

ఇక మా ఇంటి సంగతి. మావాడికి ఇరవై తొమ్మిదేళ్లు, గచ్చిబౌలిలో ఉద్యోగం. మంచివాడే. రెండేళ్లుగా ఫోన్లో ఈ బండి వీడియోలు చూసి చూసి, ఒకరోజు భోజనాల దగ్గర మెల్లగా అన్నాడు, "అమ్మా, ఘట్కేసర్ ప్లాటు ఖాళీగానే పడుంది కదా" అని. ఆ ప్లాటు నా పేరున ఉంది. 2004లో నా నాలుగు జతల గాజులు, పదేళ్లు పిల్లలకి ట్యూషన్లు చెప్పిన డబ్బు కలిపితే వచ్చిన రెండొందల గజాలు. ఖాళీగా పడి ఉండటమే దాని పని. మా ఇద్దరిలో ఎవరికి ఏ జబ్బు చేసినా మావాడి ముందు చెయ్యి చాపకుండా ఉండాలని కొన్నది.

కాగితం తీసుకుని కూర్చున్నాను. బండి ఆన్‌రోడ్ కోటీ పాతిక లక్షలు. ఇరవై లక్షలు దాటిన బండికి లైఫ్ ట్యాక్స్ 2022లో 18 శాతం చేశారు, అప్పటి ఆ లెక్కన కోటి మీద పన్నే పద్దెనిమిది లక్షలు. ప్లాటు అమ్మితే నలభై అయిదు వస్తాయనుకుందాం. మిగతా 80 లక్షలు లోను. తొమ్మిది శాతం వడ్డీకి ఏడేళ్లంటే నెలకి దాదాపు 1,28,700. ఏడేళ్లకి బ్యాంకుకి కట్టేది కోటీ ఎనిమిది లక్షలు. ప్లాటుతో కలిపి కోటీ యాభై మూడు. ఏడేళ్ల తర్వాత బండి విలువ ఎంతుంటుందో వాడే చెప్పాడు, నిజాయితీపరుడు కాబట్టి. సగం కూడా ఉండదు.

వాడి దగ్గరా వాదనలున్నాయి. "2020 అక్టోబరు వానలు గుర్తులేవా? ఇది తొమ్మిది వందల మిల్లీమీటర్ల నీళ్లలో కూడా పోతుంది" అన్నాడు. గుర్తులేకేం! హబ్సిగూడ స్ట్రీట్ నంబర్ 8లో గ్రౌండ్ ఫ్లోర్లు మునిగాయి. ఆ నీళ్లలో జనానికి కావలసి వచ్చింది పడవలూ, పై అంతస్తు వాళ్లు తలుపు తీయడమూ. కోటి రూపాయల బండిని ముందు ఆ నీళ్లలోకి దింపుతావురా నువ్వు అని అడిగితే నవ్వేశాడు.

అసలు కారణం ఇంకో నాలుగు రోజులకి బయటపడింది. ఆఫీసులో వాడి తోటివాళ్లు కొన్నారు. పైగా సంబంధాలు చూస్తున్నాం. ఫోటోల్లో అబ్బాయి వెనక ఏ బండి ఉందో చూస్తున్నారట అమ్మాయి తరఫువాళ్లు. మొన్న ఒక మధ్యవర్తి నాతోనే అన్నాడు, "మీరేం కొనక్కర్లేదమ్మా, అటువైపు వాళ్లు బండి పెడతామంటున్నారు" అని. చూశారా, కట్నం అనరు. ‘బండి పెట్టడం’. 1961 నుంచి చట్టం ఉన్నా, తాళంచెవి పళ్లెంలో పెట్టి పూలు చల్లితే అది కానుక అయిపోతుంది. ఆ ఇంట్లో కూడా నాలాంటి ఒకావిడ ఉంటుంది, ఆవిడ పేరున కూడా ఎక్కడో రెండొందల గజాలు ఉండి ఉంటాయి. ఆ సంబంధం వద్దని అప్పుడే చెప్పేశాను. మావాడు కూడా వద్దన్నాడు, అది విని నాకు సగం బెంగ తీరింది.

ప్లాటు మీద సంతకం పెట్టనని కూడా చెప్పాను. గట్టిగా కాదు, అన్నం వడ్డిస్తూ చెప్పాను. నీ జీతంతో కొనుక్కో, నేను ఎక్కను అనను, కొబ్బరికాయ కూడా కొడతాను అన్నాను. రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగాడు. మావారు ఎప్పటిలాగే పేపరు అడ్డం పెట్టుకున్నారు.

మూడో రోజు నేనే అడిగాను, ఈ బండి అద్దెకి ఇస్తారా అని. ఇస్తారట, రోజుకింత అని. అయితే ఒక్క శనాదివారం తీసుకో, అనంతగిరి గుట్టల్లోకి పోదాం, నిజంగా రాళ్ల మీద, బురదలో నడిపి చూడు, ఆ తర్వాత కూడా అంతే ఇష్టం ఉంటే పొదుపు చెయ్యడం మొదలుపెట్టు అన్నాను. వికారాబాద్ దగ్గర వానలు పడ్డాక బాగుంటుందట. వచ్చే నెలకి బుక్ చేశాడు. పులిహోర, పెరుగన్నం నా బాధ్యత. ముందు సీటు కూడా నాదే, మావారికి ముందే చెప్పేశాను.