నీళ్లెంత లోతో చెప్పండి

వాన కాస్త గట్టిగా పడితే చాలు, మన వార్తా చానెళ్ల తెరలు గ్రాఫిక్స్ నీళ్లతో నిండిపోతాయి. ఈ వారం కూడా అదే జరిగింది. యాంకర్ మోకాళ్ల దాకా నీళ్లు, వెనకాల మెరుపులు, కొట్టుకుపోతున్న కార్లు. ఆ నీళ్లు ఏ ఊరివో, ఏ వీధిలో ఎంత లోతున్నాయో మాత్రం ఎక్కడా లేదు. ఇల్లు మునుగుతుందేమోనని పిల్లల్ని పక్కన పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నవాళ్లకు ఇది అన్యాయం.

తెలుగువాళ్లకే పట్టిన జబ్బు కాదిది. 2023 జూన్‌లో బిపర్‌జాయ్ తుపాను కచ్ తీరానికి వస్తుంటే, ఒక హిందీ చానెల్ యాంకర్ స్టూడియోలోనే గొడుగు పట్టుకుని, గాలికి ఊగిపోతున్నట్టు నటిస్తూ వార్త చెప్పారు. ఏ ఊళ్లు ఖాళీ చేయాలో, గాలి ఎంత వేగంతో తాకబోతోందో చెప్పాల్సిన సమయం ఆ నటనకు పోయింది.

అంతకు ఐదేళ్ల ముందే, 2018 సెప్టెంబరులో, ఫ్లారెన్స్ హరికేన్ అమెరికా తీరం మీదికి వస్తున్నప్పుడు అక్కడి వెదర్ చానెల్ ఇదే పనిముట్టును చేతిలోకి తీసుకుంది. అక్కడా స్టూడియోనే, అక్కడా గ్రాఫిక్స్ నీళ్లే. వాతావరణ నిపుణురాలి చుట్టూ నీళ్లు మూడడుగులకు లేచి ఆగాయి. ఆ లోతులో ఏమవుతుందో ఆమె చెప్పారు. తర్వాత ఆరడుగులు. నీళ్లు ఆమె తల దాటాయి. తర్వాత తొమ్మిది. ‘తొమ్మిదడుగుల ఉప్పెన’ అని ఎన్నిసార్లు చదివినా ఎక్కని ప్రమాదం ఆ ఒక్క దృశ్యంతో కళ్లకు కట్టింది. ఇల్లు వదలాలా వద్దా అని తేల్చుకోలేని మనిషికి అది జవాబు. ముందు వాతావరణ శాఖ అంకె, ఆ అంకె మీద బొమ్మ. వాళ్లు పాటించిన వరస అది. మన స్టూడియోల్లో బొమ్మ ముందే వచ్చేస్తోంది, అంకె రావడమే లేదు.

మన దగ్గరే చూడండి, 2024 సెప్టెంబరు 1న విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. ప్రకాశం బ్యారేజీకి వచ్చిన 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద గురించి అందరూ విన్నారు. కానీ సింగ్‌నగర్‌ను ముంచింది బుడమేరు వాగు. దాని మళ్లింపు కాలువ బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. నది నిండుగా ఉంటే ఆ కాలువ నీళ్లు నదిలోకి దిగవు. దానికి తోడు గట్టుకు గండ్లు పడ్డాయి. బుడమేరు మీది వెలగలేరు రెగ్యులేటర్ ఎక్కడ, గండ్లెక్కడ, నీళ్లు ఎటు మళ్లాయి? ఒక పటం, నాలుగు బాణాలు ఉంటే అర నిమిషంలో అర్థమయ్యే సంగతి. మన గ్రాఫిక్స్ గదుల్లో కూర్చున్న కుర్రాళ్లకు అది కష్టమైన పని కాదు. వాళ్లను ఆ పని అడిగేవాళ్లు కావాలి.

అడగకూడని పనులైతే అడిగారు. 2018 ఫిబ్రవరిలో నటి శ్రీదేవి దుబాయ్ హోటల్లో చనిపోతే, ఆమె బొమ్మను స్నానపు తొట్టెలో అతికించి చూపించిన చానెళ్లున్నాయి. ఒక తెలుగు విలేకరి ఏకంగా తొట్టెలో పడుకున్నారు. ఎవరూ చూడని క్షణాన్ని కల్పించి, దానికి వార్త అని పేరు పెట్టారు.

దీనికి పూర్తి భిన్నంగా, అదే ఏడాది బీబీసీ పరిశోధనా విభాగం ‘ఆఫ్రికా ఐ’ ‘అనాటమీ ఆఫ్ ఎ కిల్లింగ్’ ప్రసారం చేసింది. ఇద్దరు స్త్రీలను, ఇద్దరు పిల్లలను కామెరూన్ సైనికులు కాల్చి చంపిన వీడియో మీద చేసిన పరిశోధన అది. ఆ వీడియోను అక్కడి ప్రభుత్వం మొదట బూటకమంది. బీబీసీ బృందం వీడియోలో కనిపించే కొండల అంచు వెంట ఒక గీత గీసి, ఉపగ్రహ చిత్రాలతో సరిపోల్చి చోటు చూపించింది. సైనికుల నీడల్ని బట్టి అది 2015 మార్చి 20కి, ఏప్రిల్ 5కి మధ్య జరిగిందని తేల్చింది. 2020లో నలుగురు సైనికులకు పదేళ్ల జైలు శిక్ష పడింది. మంటలు, మెరుపులు లేకుండా ఒక గీత, ఒక నీడ చేసిన పని ఇది. ప్రతి ఎడిటింగ్ గదిలోనూ ఒకసారి వేసి చూపించాల్సిన చిత్రం.

బొమ్మల సంగతి ఇలా ఉంటే, చప్పుళ్ల సంగతి ఇంకా ఘోరం. ఆపరేషన్ సిందూర్ రోజుల్లో చానెళ్లు గంటల తరబడి వైమానిక దాడి సైరన్ మోగించాయి. చివరికి 2025 మే 10న కేంద్ర హోం శాఖ కింది పౌర రక్షణ విభాగమే ఆపమని చెప్పాల్సి వచ్చింది. నిజంగా సైరన్ మోగిన రోజు జనం దాన్నీ టీవీ చప్పుడే అనుకుంటారన్నది వాళ్ల భయం. సరిహద్దు ఊళ్లలో ప్రాణం కాపాడాల్సిన శబ్దాన్ని రేటింగుల కోసం వాడటం నేరంతో సమానం. రోడ్డు ప్రమాద వార్తకు సినిమా నేపథ్య సంగీతం వేయడమూ ఆ కోవలోదే. ఏడుస్తున్న తల్లి గొంతుకు వయొలిన్ అక్కర్లేదు.

విపత్తుల దృశ్యాల మీద తేదీ, సమయం స్పష్టంగా వేయమని 2024 ఆగస్టులో సమాచార ప్రసార శాఖ చెప్పింది. దానికి ఇంకో రెండు చేర్చండి: ఊరి పేరు, కల్పించిన బొమ్మ అయితే ‘ఇది గ్రాఫిక్స్’ అన్న మాట. పెద్ద అక్షరాల్లో, బొమ్మ ఉన్నంతసేపూ. ఎడిటర్లూ, ఈ వానాకాలం నుంచే మొదలుపెట్టండి.