‘ఇష్టపూర్వకంగా’ చేసిన సంతకం ఎవరిది?



మనిషి బ్రతుకు అతని చేతిలోనే ఉన్నదా, నొసటి వ్రాతలో ఉన్నదా అన్న ప్రశ్నను వేదాంతులకు వదిలివేయడం మనకు అలవాటు. కాని రైల్వే, తపాలా ఉద్యోగులకు ఇది జీతానికి, పెన్షనుకు, పిల్లల చదువుకు సంబంధించిన ప్రశ్న. దీనికి మనకు చిరకాలంగా రెండు సమాధానాలు చెబుతున్నారు. ‘అంతా పూర్వజన్మ కర్మ, అనుభవించక తప్పదు’ అన్నది పాత సమాధానం. ‘నీ జీవితానికి నీవే కర్తవు, నీ కష్టాలన్నీ నీవు చేసుకున్న ఎంపికల ఫలితమే’ అన్నది శిక్షణ తరగతులలో వినవస్తున్న కొత్త సమాధానం. పైకి ఇవి పరస్పర విరుద్ధాలు. లోతుగా చూస్తే రెండింటి ప్రయోజనం ఒక్కటే. మొదటిది దోషాన్ని దేవుడి మీదికి నెడుతుంది, రెండవది కార్మికుని మీదికి నెడుతుంది. షరతులు వ్రాసినవాడు మాత్రం రెండు చోట్లా తప్పించుకుంటాడు.

ఈ మాట ఊరికే అనడం లేదు. కలకత్తా మహానగరంలో కిదర్‌పూర్ రేవును ఆనుకొని ఏక్‌బాల్‌పూర్ అనే పేట ఉన్నది. ‘ఇక్బాల్’ అంటే అదృష్టం, భాగ్యం. ఆ భాగ్యనగరికి కూతవేటు దూరంలో, హుగ్లీ ఒడ్డున గార్డెన్‌రీచ్ వరకు, ఒకప్పుడు వలస కూలీల డిపోలు ఉండేవి. ఓడ ఎక్కేవరకు కూలీలను అక్కడ ఉంచేవారు. 1838 జనవరిలో విట్‌బీ, హెస్పరస్ అనే ఓడలు కలకత్తా నుండే డెమరారాకు కూలీలను తీసుకుపోయాయి. 1873లో లల్లారూఖ్ సూరినాముకు, 1879లో లియోనిడాస్ ఫిజీకి బయలుదేరినదీ ఈ రేవు నుండే. మన తెలుగు కూలీలలో అత్యధికులు కోరంగి, మద్రాసు రేవులలో ఓడ ఎక్కారు. రేవు వేరైనా ఒప్పందం మాత్రం అదే.

ఆ ఒప్పందంలో విచిత్రమైన అంశం ఒకటి ఉన్నది. 1837 నాటి చట్టం ప్రకారం కూలీ ఒక అధికారి ఎదుట హాజరు కావాలి, షరతులు లిఖితపూర్వకంగా ఉండాలి. ‘నీవు ఇష్టపూర్వకంగానే వెళుతున్నావా?’ అని అడిగి, అవునన్న తరువాతనే పంపడం క్రమంగా పద్ధతిగా స్థిరపడింది. అనగా ఆ నిరక్షరాస్యునికి ఇచ్ఛాస్వాతంత్ర్యం ఉన్నదని పాలకులు ఎంతో గౌరవంగా అంగీకరించారు! అయిదేండ్లు చెరకు తోటలో పని చేయడానికి అతడు స్వేచ్ఛగా ఒప్పుకున్నాడు గనుక, మధ్యలో పని మానితే అది నేరమైంది, జైలు శిక్ష పడింది. ఒప్పుకోవడానికి మాత్రమే స్వేచ్ఛ, మానుకోవడానికి లేదు. కరవు, అప్పు, జమీందారు దౌర్జన్యం ఆ కాగితంలో ఎక్కడా కనిపించవు. వేలిముద్ర మాత్రమే కనిపిస్తుంది.

ఆ ‘ఇష్టం’ ఎంతటి ఇష్టమో తేల్చినది కార్మిక సంఘం కాదు. 1838లో కలకత్తాలో నియమితమైన విచారణ సంఘం 1840లో ఇచ్చిన నివేదికలో, కూలీలను మోసపుచ్చి, వంచించి తెచ్చారని స్పష్టంగా చెప్పింది. అప్పటికే 1839లో వలసను నిషేధించవలసి వచ్చింది. అయినా 1842లో మారిషస్‌కు మళ్లీ తలుపులు తెరిచారు. 1917లో ఈ వలస ఆగేనాటికి పది లక్షలకు పైగా భారతీయులు ఇలా ‘ఇష్టపూర్వకంగా’ సముద్రాలు దాటారు. దేశంలో మిగిలిన కార్మికుని గతి కూడా దీనికి భిన్నం కాదు. బయానా పుచ్చుకొని పని మానినవానిని శిక్షించే 1859 చట్టాన్ని తొలుత కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాలలోనే అమలు చేశారు. దానిని 1925లో గాని రద్దు చేయలేదు.

కాలం మారింది. కటకం నుండి వాల్తేరు వరకు రైలుమార్గం పడిన తరువాత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల తెలుగువారు ఓడకు బదులు రైలెక్కి ఖరగ్‌పూర్‌కు, కలకత్తాకు చేరారు. బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన కార్యాలయం అదే గార్డెన్‌రీచ్‌లో వెలసింది. నేటి ఆగ్నేయ రైల్వేకూ అదే కేంద్రం. 1927లో ఉద్యోగాల కోతకు గురి అయినప్పుడు ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికులకు కూడా ఈ ఉపదేశమే అందింది: ఉద్యోగంలో చేరింది మీరే, నచ్చకుంటే పొండి! వారు పోలేదు. పని ఆపి నిలిచారు. వారి పక్షాన నిలిచిన నాయకుడు బరంపురంలో పుట్టిన తెలుగువాడు వి.వి. గిరి. న్యాయవాద వృత్తిలో సుఖంగా బ్రతకగలిగి కూడా కార్మికోద్యమాన్ని ఎంచుకోవడం ఆయన వ్యక్తిగత నిర్ణయమే, దానిని మేము కాదనము. కాని వేలాది కార్మికులు కూడా నిర్ణయించుకోకుంటే ఆ ఒక్కని నిర్ణయానికి చరిత్రలో చోటు ఏది? 1974 మే సమ్మెను ప్రభుత్వం ఉక్కుపాదంతో అణచినప్పుడు రాష్ట్రపతి పీఠం మీద ఉన్నది ఆ గిరిగారే! వ్యక్తి ఎంత గొప్పవాడైనా వ్యక్తి ఎంపిక ఒక్కటే కార్మికునికి రక్ష కాదనడానికి ఇంతకంటె నిదర్శనం ఏమి కావాలి?

ఇక నేటి కాగితాలను చూద్దాం. గ్రామీణ డాక్ సేవకుడు ఉద్యోగంలో చేరేటప్పుడు తనకు వేరే జీవనాధారం ఉన్నదని ధృవీకరించాలి. ఉన్నా లేకున్నా వ్రాస్తాడు, వ్రాయకుంటే ఉద్యోగం లేదు. ఆ తరువాత పూర్తి జీతం, పెన్షను అడిగితే, ‘వేరే ఆధారం ఉన్నదని నీవే వ్రాశావు గదా!’ అన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది. శాఖేతర ఉద్యోగులవి సివిల్ పదవులేనని సుప్రీంకోర్టు 1977లోనే తీర్పు చెప్పింది. అయినా నాలుగు గంటల, అయిదు గంటల భత్యపు లెక్కలోనే వారి బ్రతుకు తెల్లవారుతున్నది.

పెన్షను సంగతి మరీ స్పష్టం. 2004 జనవరి 1వ తేదీన గాని తరువాత గాని చేరినవారికి పాత పెన్షను తీసివేసినప్పుడు ఎవరి ఇష్టమూ అడగలేదు. ఇరవై యొక్క సంవత్సరాల తరువాత, 2025 ఏప్రిల్ 1 నుండి ఏకీకృత పెన్షను పథకం తెచ్చి ‘ఎంచుకోండి’ అన్నారు. ఇరవై అయిదేండ్ల సర్వీసు ఉంటే చివరి పన్నెండు నెలల సగటు మూలవేతనంలో సగం, పదేండ్ల సర్వీసుకు కనీసం నెలకు 10,000 రూపాయలు. జీతంలో పది శాతం కోత మాత్రం యథాతథం. గడువు తొలుత జూన్ 30, తరువాత సెప్టెంబరు 30, ఆపైన నవంబరు 30. ఉద్యోగి కోరుతున్నది ఏ కోతా లేని పాత పెన్షను. ఆ గడి మాత్రం ఫారంలో లేదు! వడ్డించని వంటకం ఎందుకు తినలేదని విస్తరి ముందు కూర్చున్నవానిని అడిగినట్లున్నది. రెండు పథకాల మధ్య తర్జనభర్జన పడిన ఉద్యోగి రేపు నష్టపోతే, ‘అది నీ ఎంపికే’ అంటారు. గార్డెన్‌రీచ్ డిపోలో అడిగిన ప్రశ్నకూ దీనికీ భాష మారిందే గాని భావం మారిందా?

అయితే మనిషికి బాధ్యతే లేదా అని కొందరు మిత్రులు అడుగుతారు. ఉన్నది. తాగుడుకు, జూదానికి జీతం ధారపోసి ‘వ్యవస్థ’ను నిందించేవానిని మేము సమర్థించము. సర్వసభ్య సమావేశానికి రానివాడు, సర్క్యులరు చదవకుండా సంతకం చేసేవాడు, తోటివాని మీద అక్రమ చర్య జరిగినప్పుడు తల పక్కకు తిప్పుకునేవాడు కూడా ఎంపిక చేస్తూనే ఉన్నారు. మౌనం కూడా ఎంపికే. తలరాత అని సరిపెట్టుకోవడమూ ఎంపికే. మేము కాదనేది ఒక్కటే: ఫారంలోని గడులను ఎదుటివాడు గీసి, అందులో పెట్టిన టిక్కు గుర్తుకు మాత్రం మనలను బాధ్యులను చేయడం.

గడులను తిరగరాసిన సందర్భాలు మన చరిత్రలో ఉన్నాయి. 1946 జూలై 11న తపాలా ఉద్యోగులు సమ్మెకు దిగారు. జూలై 29న కలకత్తా నగరం యావత్తూ వారి కోసం సమ్మె చేసింది. మిల్లు కార్మికునికి, ట్రాం కార్మికునికి ఆనాడు పోస్ట్‌మాన్ జీతంతో పని ఏమిటి? ఏమీ లేదు. అయినా ఎంచుకున్నారు. 1974 మే 8 నుండి 27 వరకు రైల్వే కార్మికులు నిలిచారు. వేలాది మంది జైళ్ల పాలయ్యారు, ఉద్యోగాలు పోయాయి, క్వార్టర్ల నుండి భార్యాబిడ్డలను వీధిలోకి ఈడ్చారు. సమ్మె ఓడిపోయిందని ఆనాడు పత్రికలు వ్రాశాయి. కాని బోనసు రైల్వేవారికి వర్తించదన్న వాదన ఆ తరువాత ఎంతో కాలం నిలువలేదు. 1979-80 నుండి ఉత్పాదకతతో ముడిపడిన బోనసు వచ్చింది. నేడు దసరాకు ఆ మొత్తం అందుకునేవారిలో ఎందరు ఆనాటి త్యాగాన్ని తలచుకుంటున్నారు?

కాబట్టి సోదరులారా, ఇచ్ఛాస్వాతంత్ర్యం ఉన్నదా లేదా అని వాదించుకుంటూ కూర్చోవద్దు. ఒంటరిగా ఉన్నప్పుడు అది ఇచ్చిన గడులలో ఒకదానిని ఎంచుకొనే స్వేచ్ఛ. పదిమందితో కలిసినప్పుడు గడులనే మార్చగల స్వేచ్ఛ. ఈసారి మీ ముందుకు ఏ అంగీకార పత్రం వచ్చినా, సంతకానికి ముందు బ్రాంచి కార్యాలయానికి తీసుకురండి. కలిసి చదువుదాం. అందులో ఏమి ఉన్నదో కాదు, ఏమి లేదో ముందు చూద్దాం. లేని గడిని చేర్పించేదాకా కలిసి పోరాడుదాం.