బడికి వెళ్ళిన స్పోర్ట్స్ కార్లు

సినిమాలో హీరో కారు ఎప్పుడూ మొదటి తిప్పుకే స్టార్టవుతుంది. గమనించారా? తాళం తిప్పడమేమిటి, గుర్రుమనడమేమిటి, దుమ్ము రేపుకుంటూ పోవడమేమిటి! హీరోయిన్ కారు మాత్రం ఊరి బయట, సరిగ్గా వాన మొదలవగానే ఆగిపోతుంది. ఆగకపోతే పాట ఎక్కడ పెట్టాలి పాపం!

ఇంతకీ నన్ను చాలాకాలంగా తొలుస్తున్న సందేహం ఏమిటంటే, శుభం కార్డు పడ్డాక ఆ కారు ఏమవుతుంది? విలన్‌ని తరిమి తరిమి పట్టుకున్న ఆ రెండు తలుపుల అందాల బండిలో మర్నాడు పొద్దున్న ఎవరైనా కూరల మార్కెట్టుకి వెళ్తారా? కుర్రకారు గదిలో గోడకి అతికించుకున్న బొమ్మల్లో హీరో ఎంతో, పక్కనున్న కారూ అంతే. ఆ బొమ్మలో కారు కొనుక్కుని, రోజూ డ్యూటీకి దాన్నే వేసుకుని పోతే ఎలా ఉంటుంది?

అలా నిజంగా చేసినవాళ్ళు ఉన్నారండీ. నేను చెప్పబోయేది ఇద్దరి గురించి. ఇద్దరూ అమెరికా వాళ్ళు, ఇద్దరూ బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళు కావడం చిత్రం.

ముందు మొదటాయన కారు సంగతి. రోజర్ మూర్ అనగానే మీకు జేమ్స్ బాండ్ గుర్తొస్తాడు. 1973లో 'లివ్ అండ్ లెట్ డై'తో ఆయన ఆ వేషం కట్టాడు. అంతకుముందే, 1962 నుంచి 1969 దాకా, ఇంగ్లండు టెలివిజన్‌లో 'ది సెయింట్' అనే సీరియల్లో సైమన్ టెంప్లర్‌గా వెలిగిపోయాడు. ఆ పాత్రకి మొదట జాగ్వార్ కారు కావాలనుకున్నారు. ఆ కంపెనీ ఇవ్వలేదు. స్వీడన్‌లోని వోల్వో కంపెనీ వాళ్ళు సరేనన్నారు. అలా తెల్లరంగు పి-1800 తెరకెక్కింది. ఎవరో కాదన్న వేషం ఇంకొకరికి దక్కి, వాళ్ళు రాత్రికి రాత్రి స్టారైపోవడం మన పరిశ్రమలో మనం చూడనిదా?

ఈ కారుకి 'ఘోస్టు' కథ కూడా ఉంది. దాని రూపం గీసింది ఇటలీలోని పెద్ద స్టూడియో అని చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. నిజానికి గీసినవాడు ఆ స్టూడియోలో పనిచేస్తున్న స్వీడన్ కుర్రాడు పెల్లె పెటర్సన్. టైటిల్స్‌లో పేరు ఒకరిది, రాత్రిళ్ళు కూర్చుని రాసింది ఇంకొకరు! ఆ కుర్రాడేమీ కుంగిపోలేదు లెండి. తెరచాప పడవల పందెంలో 1964 ఒలింపిక్స్‌లో కాంస్యం, 1972లో రజతం కొట్టాడు.

ఇక అసలు కథానాయకుడు. పేరు ఇర్వ్ గోర్డన్. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో సైన్సు మాస్టారు. 1966 జూన్‌లో ఎర్రరంగు 1800-ఎస్ కొన్నాడు. వెల 4,150 డాలర్లు, అంటే ఆయనకి దాదాపు ఏడాది జీతం. (అదే ఏడాది మనవాళ్ళు 'గూఢచారి 116'లో కృష్ణని చూసి ఈలలు వేశారని జ్ఞాపకం చేసుకోండి. ఆ కాలం అలాంటిది, ఎక్కడ చూసినా గూఢచారులే!) కొన్న కొద్దిరోజులకే మాస్టారు మళ్ళీ షోరూముకి వచ్చాడు. బండికేదైనా జబ్బు చేసిందా అంటే కాదు. అప్పుడే 1,500 మైళ్ళు తిరిగేసి మొదటి సర్వీసుకి తెచ్చాడు! స్టీరింగు వదలబుద్ధి కాలేదట.

రోజూ బడికి పోయి రావడమే 125 మైళ్ళు, మన లెక్కలో 200 కిలోమీటర్లు. సెలవులొస్తే మళ్ళీ అదే బండిలో ఊళ్ళు తిరగడం. 1987లో పది లక్షల మైళ్ళు పూర్తయ్యాయి. 2002లో ఇరవై లక్షలు. 2013 సెప్టెంబరులో అలాస్కా రోడ్ల మీద ముప్ఫై లక్షలు! ఒక్కడే యజమాని, ఒక్కటే కారు, గిన్నిస్ పుస్తకంలో పేరు. మధ్యలో కంపెనీ వాళ్ళు ముచ్చటపడి కొత్త కార్లు బహూకరించారు. పుచ్చుకున్నాడు, దండం పెట్టాడు, మళ్ళీ వెళ్ళి పాతదాంట్లోనే కూర్చున్నాడు.

ముప్ఫై లక్షల మైళ్ళంటే 48 లక్షల కిలోమీటర్ల పైమాట. నేను కాగితం మీద లెక్కేశాను. 47 ఏళ్ళపాటు ఒక్కరోజు కూడా మానకుండా రోజుకి 280 కిలోమీటర్లు నడిపితే అంత వస్తుంది. అంటే హైదరాబాదులో బయల్దేరి విజయవాడ చేరడం, మర్నాడు తిరిగి రావడం, మళ్ళీ మర్నాడు వెళ్ళడం... దసరా లేదు, సంక్రాంతి లేదు. మన బస్సు డ్రైవర్లకైనా వారానికో సెలవుంటుంది!

ఆ కారులో ఏదో మహత్తు ఉందనుకుంటున్నారా? మామూలు నాలుగు సిలిండర్ల 1.8 లీటర్ల ఇంజను, జంట కార్బొరేటర్లు, అంతే. మాస్టారు చేసిందల్లా కంపెనీ ఇచ్చిన పుస్తకం చదివి, అందులో చెప్పినట్టు చెయ్యడం. మూడు, మూడున్నర వేల మైళ్ళకోసారి ఇంజనాయిలు తప్పకుండా మార్చేవాడు, అదీ స్వహస్తాలతో. ఏదైనా కొత్త చప్పుడు వినిపిస్తే రేపు చూద్దాంలే అనేవాడు కాదు. అందుకే 6 లక్షల 80 వేల మైళ్ళ దాకా ఇంజను విప్పి బాగుచేయించే అవసరమే రాలేదు. సైన్సు చెప్పేవాడు కదా, పుస్తకంలో ఉన్నది నమ్మాడు. మనం పుస్తకాన్ని డ్యాష్‌బోర్డు అరలో పెట్టి, బండి అమ్మేరోజున కొన్నవాడికి భద్రంగా అప్పగిస్తాం.

పాత కారు పాడైపోతుందని షెడ్డులో ముసుగేసి దాచేవాళ్ళు చాలామంది. నాకా పద్ధతి నచ్చదు. కదలని బండికే రోగాలెక్కువ. నెలల తరబడి నిలబెట్టారా, బ్యాటరీ దిగిపోతుంది. పెట్రోలు చెడి కార్బొరేటర్లో జిగురులా పేరుకుంటుంది. రబ్బరు సీళ్ళు ఎండి ఆయిలు కారడం మొదలెడుతుంది. బ్రేకు ఆయిలు గాల్లో తేమని పీల్చుకుంటుంది. ఒకేచోట బరువు మోసి మోసి టైర్లు నేలకానిన మేర చదునవుతాయి. పోనీ వారానికోసారి ఐదు నిమిషాలు ఇంజను ఆడించి ఆపేస్తాం అంటారా? అది ఇంకా చెరుపు. ఇంజను బాగా కాగితేనే లోపల చేరిన నీటి ఆవిరి బయటికి పోతుంది. అరకొరగా వేడెక్కిస్తే ఆ నీళ్ళు ఆయిల్లోనే, సైలెన్సర్లోనే నిలిచి లోపల్నించి తుప్పు పట్టిస్తాయి. రోజూ దూరం పోయే మాస్టారి బండికి ఆ బెడద లేదు.

ఇక రెండో కథ. 1968లో వచ్చిన 'బుల్లిట్'లో స్టీవ్ మెక్వీన్ శాన్ ఫ్రాన్సిస్కో ఎగుడుదిగుడు వీధుల్లో ముదురాకుపచ్చ మస్టాంగ్‌ని ఎగరేస్తాడు చూడండి, దాదాపు 11 నిమిషాల ఛేజింగు. దాని ఎడిటింగుకి ఆస్కారొచ్చింది. హీరో కారుకి డూపు కారు కూడా ఉండేది. ఆ డూపు 2017లో మెక్సికోలో తుక్కు సామాన్ల మధ్య దొరికింది (డూపుల బతుకు ఎక్కడైనా అంతే!). మరి హీరో కారు? దాన్ని 1974లో ప్రకటన చూసి న్యూజెర్సీ కుటుంబం ఒకటి కొనుక్కుంది. ఆ ఇంటి ఇల్లాలు చిన్నపిల్లలకి పాఠాలు చెప్పే టీచరు. స్టీవ్ మెక్వీన్ సినిమాలో నడిపిన కారులో ఆవిడ కాపీ పుస్తకాలు పెట్టుకుని బడికి వెళ్ళేది! ఆ పిల్లలకి ఆ సంగతి తెలిసుంటే పాఠం ఒక్కటైనా బుర్రకెక్కేదా? 1977లో మెక్వీన్ స్వయంగా ఉత్తరం రాశాడు, నా కారు నాకు ఇవ్వండని. వాళ్ళివ్వలేదు. 1980లో క్లచ్ పోయింది. కారు షెడ్డులోకి వెళ్ళింది. నలభై ఏళ్ళ దాకా దాని జాడ అభిమానులకి అంతుచిక్కలేదు. 2018లో కొడుకు దాన్ని బయటపెట్టాడు. షూటింగులో కెమెరా బిగించడానికి చేసిన మార్పులతో సహా అలాగే ఉంది. 2020 జనవరిలో వేలం వేస్తే పలికిన ధర 37 లక్షల 40 వేల డాలర్లు, అప్పటి మారకంలో 26 కోట్ల రూపాయల పైచిలుకు!

డబ్బు లెక్కలో ఆ కుటుంబమే గెలిచింది, ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ కారు బతికిందెప్పుడు? టీచరమ్మ తాళాలు ఆడించుకుంటూ వెళ్ళి దాంట్లో కూర్చున్న రోజుల్లోనే అంటాను నేను. తర్వాత అది కారు కాదు, ఆస్తి.

మరి మన సంగతి? మనకి స్పోర్ట్స్ కార్ల యోగం తక్కువే. అయితే ఓ చుట్టరికం ఉంది. 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ మీ తాతగార్లకి బాగా తెలుసు. ఇంగ్లండులో ఆ హెరాల్డ్ ఛాసిస్‌నే పొట్టిచేసి, దాని మీద ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు కట్టారు. రెండింటి రూపకర్తా ఇటలీవాడైన మికెలోట్టీయే. అంచేత మీ పెరట్లో హెరాల్డ్ పడి ఉంటే కాస్త మర్యాదగా చూడండి.

దాన్ని బాగుచేయించి రోజూ కాలేజీకి వేసుకెళ్తామని సరదాపడేవాళ్ళకి రెండు మాటలు. ఇప్పుడు మన బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాతకాలపు రబ్బరు పైపులూ, వాషర్లూ దానికి తట్టుకోవు. ముందు అవన్నీ మార్పించండి. ఎండాకాలం ట్రాఫిక్కులో పెట్రోలు పైపులోనే ఆవిరైపోయి బండి మొరాయిస్తుంది, దానికి సిద్ధపడండి. ఎయిర్‌బ్యాగులుండవు, బ్రేకులు ఇవాళ్టి బళ్ళంత చురుగ్గా పడవు. ముందు బండికి ఎడం ఎక్కువ ఇవ్వాలి. సినిమా ఫీట్లు వద్దే వద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి. 2021లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండికి ప్రత్యేకంగా 'వింటేజ్' నంబరు తీసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ అక్షరాల్లో 'వి.ఏ.' అని వస్తుంది, చూడ్డానికి దర్జాగా ఉంటుంది. అయితే ఆ నంబరున్న బండిని రోజువారీ పనులకి రోడ్డెక్కించకూడదు. ర్యాలీలకీ, ప్రదర్శనలకీ, పెట్రోలుకీ, రిపేరుకీ మాత్రమే. అంటే గోర్డన్ మాస్టారు మనదేశంలో పుట్టి ఆ నంబరు తీసుకునుంటే బడికి సిటీ బస్సులో వెళ్ళాల్సిందే! రోజూ నడపాలనుకునేవాళ్ళు ఆ దర్జా జోలికి పోకుండా, మామూలు రిజిస్ట్రేషన్‌నే పొడిగించుకోవడం మేలు.

మాస్టారు 2018లో, 78వ ఏట కన్నుమూశాడు. అప్పటికి ఆ ఎర్రకారు 32 లక్షల మైళ్ళు దాటింది.

ఆ రెండు కార్లలో ఏదో ఒకటి తీసుకోమంటే ఏది తీసుకుంటావని మీరడగొచ్చు. మస్టాంగే! దాన్ని వెంటనే అమ్మేసి, ఆ డబ్బులో చిన్న వాటాతో ఒక పాత వోల్వో కొని రోజూ ఆఫీసుకి వస్తాను, మా ఎడిటరుగారు చెట్టుకింద చోటిస్తానంటే.