బాన ఎక్కకముందే విత్తనం తీయాలి

ఉడికిన పసుపు మొలవదు. ఈ సంగతి తెలియని పసుపు రైతు కడప జిల్లాలో లేడు. అయినా మైదుకూరు, ఖాజీపేట, చాపాడు, దువ్వూరు ప్రాంతాల్లో తవ్విన పసుపంతా బాన ఎక్కించి, నాటే అదను రాగానే విత్తనపు కొమ్ముల కోసం ఊళ్లు తిరిగే రైతులు ఉంటూనే ఉన్నారు. దీన్ని తెలివితక్కువతనం అనడానికి లేదు. అప్పులవాడు కళ్లం దగ్గరికి వచ్చి కూర్చుంటే విత్తనం మాట ఎవరి నోటికీ రాదు.

అయితే లెక్క వేసి చూడాలి. ఎకరాకు సుమారు 10 క్వింటాళ్ల విత్తనం కావాలి. ఐదు క్వింటాళ్ల పచ్చి పసుపు ఉడికించి ఆరబెడితే చేతికొచ్చేది సుమారు ఒక క్వింటాలు. అంటే ఎకరా విత్తనం పక్కన పెడితే రైతు వదులుకునేది రెండు క్వింటాళ్ల ఎండు పసుపు మాత్రమే. దాన్ని ఉడికించే కూలి, మెరుగు పెట్టే ఖర్చు కూడా మిగులుతాయి. ధర బాగున్న ఏడాది బయట విత్తనం కొనబోతే ఎంత అవుతుందో కొన్నవారికే తెలుసు.

డబ్బు ఒక్కటే కాదు. కొన్న విత్తనంతో దుంపకుళ్లు కూడా చేలోకి వస్తుంది. ఆకు అంచులు పసుపుబారి, మొదలు మెత్తబడి, లాగితే మొక్క చేతికి ఊడివచ్చే ఈ తెగులును నిలబడిన పైరులోనే గుర్తుపట్టాలి. తవ్వి కుప్ప పోసిన తర్వాత ఏ కొమ్ము ఏ మడిదో చెప్పేవాడు లేడు. కనుక ఆకు పచ్చగా ఉండగానే తెగులు లేని మడి చూసి గుర్తు పెట్టుకోవాలి. ఆ మడి పసుపును విడిగా తవ్వాలి.

నిల్వ పద్ధతి పెద్దలకు తెలిసినదే. కొట్టంలోనో చెట్టు నీడనో పోసి పసుపు ఆకు కప్పాలి. గుంతలో దాచేవారు గాలి ఆడేలా చూడాలి. పొలుసు పురుగు పట్టిన కొమ్ములను ఏరివేయాలి. కొంత తరుగు తప్పదు గనుక కాస్త ఎక్కువే దాచుకోవడం మేలు. నాటేముందు లీటరు నీటికి 3 గ్రాముల మాంకోజెబ్ కలిపి అరగంట నానబెట్టి, నీడన ఆరబెడితే సరిపోతుంది.

పసుపు పూస్తుంది గానీ గింజ కట్టదు. కాబట్టి తాత నాటిన మొక్కే దుంప రూపంలో మనవడి దాకా చేతులు మారి వస్తున్నది. మైదుకూరు పేరుతోనే తొమ్మిది నెలల పసుపు రకం ఒకటి ఉంది. వ్యవసాయ పుస్తకాల్లో దుగ్గిరాల, ఆర్మూరు రకాల సరసన దానికి చోటిచ్చారు. కానీ ఒక్క ఏడాది నేలలో పెట్టకపోతే ఆ ఇంటి విత్తనం పోయినట్లే. జొన్న గింజల్లా గరిసెలో పోసి ఏళ్ల తరబడి ఉంచే వీలు లేదు. కె.సి. కాలువకు నీరు సరిగా రాని ఏళ్లలో అసలు నష్టం ఇదే. అలాంటప్పుడు బోరు కింద పది సెంట్లయినా, పెరట్లో నాలుగు బోదెలయినా నాటి వంశం నిలుపుకోవాలి.

విత్తనం తక్కువగా ఉన్నవారికి ఇంకో దారి ఉంది. కొమ్మును ఒక్కో మొలక కన్ను ఉండేలా 5 నుంచి 7 గ్రాముల ముక్కలుగా కోసి, కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు నింపిన ట్రేలలో పెంచి, 30 - 35 రోజులకు చేలో నాటుతారు. ఇలా చేస్తే ఎకరాకు సుమారు మూడు క్వింటాళ్లు చాలు. మిరప, టమాటా నారు పెంచే షెడ్‌నెట్ నర్సరీలకు ఇది కొత్త పని ఏమీ కాదు. అయినా పసుపు నారు అడిగే రైతు లేడని నర్సరీవారు, అమ్మే నర్సరీ లేదని రైతులు ఊరకుంటే ఏటా ఇదే తంతు.

ఉద్యానశాఖ అధికారులు పంట తవ్వాక వచ్చి సలహాలు చెబితే ప్రయోజనం లేదు. నవంబరులో, ఆకు నిలబడి ఉండగానే ఊరూరా తిరిగి, తెగులు లేని చేలను గుర్తించి, ఆ జాబితాను గ్రామ సచివాలయం గోడకు అంటించాలి. విత్తనం కొనక తప్పని కౌలు రైతు కనీసం ఏ చేనిది కొంటున్నాడో తెలిసి కొంటాడు.