చిట్టా సరిగ్గానే ఉంది... సరుకే రాలేదు!

రాత్రి పదకొండైంది. అన్నానికి అమ్మ రెండుసార్లు పిలిచింది. అబ్బాయి ల్యాప్‌టాప్‌ ముందు నుంచి లేవలేదు. 'ఏమైందిరా?' అంటే 'సర్వర్లో ప్యాకేజీ ఎక్కట్లేదమ్మా' అన్నాడు. సర్వర్లు చూసే ఉద్యోగులున్న ఇళ్లలో ఈ మాట కొత్తేం కాదు. ఇంతకీ ఏమిటా ప్యాకేజీ? ఎందుకు ఎక్కదు?

యునిక్స్‌, లినక్స్‌ తరహా సర్వర్లలో సాఫ్ట్‌వేర్‌ పొట్లాల రూపంలో వస్తుంది. అదే ప్యాకేజీ. వాటిని దాచే గోదాము రిపాజిటరీ. అక్కణ్నుంచి తెచ్చిపెట్టేవి యమ్‌, ఆప్ట్‌ లాంటి ప్రోగ్రాములు. నాలుగు సర్వర్లయితే చేత్తో చేసేయొచ్చు. వందలుంటే? అందుకే కాన్ఫిగరేషన్‌ మేనేజ్‌మెంట్‌ టూల్స్‌ పుట్టాయి. 1993లో ఓస్లో విశ్వవిద్యాలయంలో మార్క్‌ బర్గెస్‌ సీఎఫ్‌ఇంజిన్‌ను తయారుచేశాడు. తర్వాత 2005లో పపెట్‌, 2012లో యాన్సిబుల్‌ వచ్చాయి. వీటికి నెల సరుకుల చిట్టాలాంటిది రాసిస్తే చాలు. 'కందిపప్పు తీసుకురా' అని కాదు, 'ఇంట్లో కందిపప్పు ఉండాలి' అని రాయాలి. ఉంటే ఊరుకుంటాయి, లేకపోతే తెస్తాయి!

మరి చిక్కెక్కడ?

ముందు చేత్తో...

తెర నిండా ఎర్ర అక్షరాలు కనిపించగానే కొత్తవాళ్లు చిట్టానే పదేపదే దిద్దుతారు. అనుభవమున్నవాళ్లు ఒక్క సర్వర్లోకి వెళ్లి, అదే ప్యాకేజీని చేత్తో ఎక్కించి చూస్తారు. అలా కూడా రాలేదంటే టూల్‌ది తప్పు కాదు. చేత్తో వచ్చి టూల్‌తో రాకపోతే... చిట్టాలోనో, అనుమతుల్లోనో లోపమున్నట్టు.

తర్వాత చూడాల్సింది పేరు. ఒక ఊళ్లో సొరకాయ, ఇంకో ఊళ్లో ఆనపకాయ అన్నట్టు, అపాచీ వెబ్‌సర్వర్‌ రెడ్‌హ్యాట్‌ కుటుంబంలో 'హెచ్‌టీటీపీడీ', డెబియన్‌, ఉబుంటుల్లో 'అపాచీ2'. ఒకచోటి పేరు ఇంకోచోట అడిగితే 'లేదు' అనే సమాధానమే వస్తుంది.

మూడోది తాళం. ఒక ప్రోగ్రాం ప్యాకేజీలు ఎక్కిస్తుంటే రెండోదాన్ని లోపలికి రానివ్వదు. ఆటోమేటిక్‌ అప్‌డేట్‌ నడుస్తున్నప్పుడు తరచూ జరిగేదిదే. కాసేపు ఆగితే సరి. తొందరపడి తాళం పగలగొడితే ప్యాకేజీల లెక్కల పుస్తకమే పాడైపోవచ్చు. సర్వర్‌ గడియారం తప్పినా కష్టమే. తేదీ కలవకపోతే గోదాము ధ్రువపత్రాన్ని నమ్మదు.

గోదామే మారితే?

2024 జూన్‌ 30న సెంటోస్‌ 7కు మద్దతు ముగిసింది. అంతవరకూ యమ్‌కు దారి చూపిన మిర్రర్ల చిరునామా ఆ తర్వాత పనిచేయడం మానేసింది. నిన్నటిదాకా బాగా నడిచిన చిట్టా, ఒక్క అక్షరం మార్చకపోయినా మొరాయించింది. పాత ప్యాకేజీలన్నీ 'వాల్ట్‌' అనే భాండాగారంలో ఉన్నాయి. చిరునామా అటు మారిస్తే సరుకు వస్తుంది. కానీ అది పాత సరుకే. కొత్తగా బయటపడే లోపాలకు అక్కడ మందుండదు. అందుకే దాన్ని తాత్కాలిక ఏర్పాటుగా చూసి, ఆల్మాలినక్స్‌, రాకీ లినక్స్‌ లాంటివాటికి మారడం మేలు.

అసలు ప్రమాదం ఇంకొకటుంది. ప్రతి ప్యాకేజీ అసలుదేనని చెప్పడానికి డిజిటల్‌ సంతకం చూస్తారు. అది కుదరనప్పుడు ఆ తనిఖీనే తీసేస్తే పని అయిపోతుంది... ఎర్ర అక్షరాలూ మాయమవుతాయి! కానీ అది సీలు చూడకుండా మందు కొనడమే. పైగా చిట్టాలో ఒక్కసారి అలా రాస్తే, వందల సర్వర్లలోనూ సీలు చూసేవారే ఉండరు. మన ఖాతాలూ, టికెట్లూ, రిపోర్టులూ ఉండేది అలాంటి యంత్రాల్లోనే కదా.

అబ్బాయి అన్నానికి ఆలస్యమైతే కోప్పడండి. కానీ సంతకం తనిఖీ తీసేసి తొందరగా వచ్చేకంటే, తాళంచెవి వెతికి ఆలస్యంగా రావడమే నయం!