సపెరవి గుజ్జు కూడా ఎరుపే

సంపాదకులకు,

గత ఆదివారం అనుబంధంలోని వైన్ వ్యాసంలో ‘ఏ నల్లద్రాక్షకైనా లోపలి రసం తెల్లగానే ఉంటుంది, ఎరుపంతా తొక్కదే’ అని రాశారు. చాలా రకాల విషయంలో అది నిజం. పీనో న్వార్ అనే నల్లద్రాక్షతో తెల్లని షాంపేన్ చేయగలిగేది అందుకే. కానీ ‘ఏ నల్లద్రాక్షకైనా’ అనడం తప్పు.

జార్జియా దేశపు సపెరవి సంగతేమిటి? కాకసస్ కొండల దిగువన కఖేతి ప్రాంతంలో తరతరాలుగా పండుతున్న ద్రాక్ష అది. తొక్క వలిచేసి గుజ్జును వేళ్ల మధ్య నలిపినా వేలికొసలు ఎర్రబడతాయి. ఎరుపునిచ్చే ఆంథోసయనిన్లు గుజ్జులోనూ ఉండటమే కారణం. దాని వైన్ గ్లాసులో పోస్తే అవతలివైపు కనిపించనంత చిక్కగా ఉంటుంది. ఫ్రాన్సులో 19వ శతాబ్దంలో సంకరం చేసిన అలికాంత్ బుషే కూడా ఈ కోవదే.

అదే వ్యాసంలో జార్జియా ఎర్ర వైన్లన్నీ తీపివేనన్న మాట మరీ అన్యాయం. సపెరవితో చేసే కింద్జ్‌మరౌలి అనే వైన్ తియ్యగా ఉండేది పులియడాన్ని మధ్యలో ఆపి, పండులోని చక్కెరను కొంత మిగల్చడం వల్ల. అదే సపెరవితో చేసే ముకుజాని పూర్తిగా పులుస్తుంది, అందులో తీపి ఉండదు. ఈ ద్రాక్షకు బాగా పండాక కూడా పులుపు నిలుస్తుంది. ఆ పులుపూ వగరూ కలిసే వైన్‌ను ఏళ్ల తరబడి చెడకుండా కాపాడతాయి. భూమిలో పాతిన క్వెవ్రి అనే మట్టిబానల్లో వైన్ చేసే అక్కడి పద్ధతిని 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. అలాంటి దేశపు వైన్‌ను ‘తీపి పానీయం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారా? వచ్చే సంచికలో సవరణ వేయండి.

– ఒక పాఠకుడు, హనుమకొండ