ఇసుకరేణువు వయస్సు



మొన్న అనకాపల్లిలో శారదానదీతీరమున నాడుకొనుచున్న మా మేనకోడలు గుప్పెడిసుక తెచ్చి, “అత్తా, ఇది యెక్కడనుండి వచ్చినది?” అని యడిగినది. “కొండలనుండి” అంటిని. “ఏ కొండ? ఎప్పుడు?” అని మరల నడిగినది. నేను తడబడితిని. ప్రక్కనున్న పెద్దామె, “ఆడపిల్ల కిన్ని యారాలెందులకు?” అని కసరినది. ఆ ప్రశ్నకు సమాధానము కలదు. దానినే యీ నెల విన్నవించుచున్నాను.

శారద తూర్పు కనుమలలో బుట్టి, అనకాపల్లి మీదుగా ప్రవహించి, బంగాళాఖాతమున గలియును. ఎండకు వానకు శిథిలమైన కొండరాయియే యేటబడి యిసుక యగుచున్నది. అందు తెల్లని పలుగురాతి పొడియేగాక, జిర్కాను, మోనజైటు మొదలగు బరువైన ఖనిజముల రేణువులును గలవు. విశాఖమండలపు సముద్రతీరపు టిసుకలోని మోనజైటునుగూర్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు జెందిన సి. మహదేవన్, ఎ. శ్రీరామదాస్ గారలు 1948లోనే ప్రకటించియుండిరి.

మనము చేటతో జెరిగినపుడు పొట్టు పోయి గింజ నిలుచును గదా! శాస్త్రజ్ఞులును అట్లే నీటితో తేలికవానిని దొలగించి, బరువైన రేణువులను వేఱుచేయుదురు.

ఇక వయస్సు తెలియు విధము. పాకము చల్లారి బెల్లపుటచ్చు గట్టినట్లు, భూగర్భమున గరగిన రాయి గడ్డకట్టునపుడు జిర్కాను పుట్టును. అది తనలోనికి యురేనియమును రానిచ్చును గాని, సీసమును రానీయదు. యురేనియము నియమము దప్పక మెల్లమెల్లగా సీసముగా మాఱును. అందలి ముఖ్యమైన రకము సగము మాఱుటకు 447 కోట్ల యేండ్లు పట్టును. కావున నందలి సీసమెంతో, యురేనియమెంతో కొలిచినచో రేణువు వయస్సు తేలును. తూర్పు కనుమల రేణువులలో బెక్కింటి వయస్సు 90 కోట్లకును 100 కోట్లకును నడుమ నున్నది. అంటార్కిటికాలో నొకభాగపు రాళ్లకును ఇదే వయస్సు! ఒకప్పు డీ రెండునేలలు నిరుగుపొరుగులు.

అన్నమంతయు బట్టి చూడనక్కఱలేదని మన సామెత. ఇచ్చట నది చెల్లదు. నది పలుకొండల యిసుకను గలిపివేయును; అందుచే నూఱుకు మించిన రేణువులను బరీక్షింపవలెను. ఏ వయస్సువి యెన్ని యున్నవో చూచినగాని పుట్టినిల్లు తెలియదు.

కొండ యెప్పుడు లేచినదో తెలుపునది అపటైటు. యురేనియము చీలినపుడు దానిలో సన్నని గీతలు పడును. లోతున వేడికి అవి మాసిపోవును. రాయి పైకివచ్చి, సుమారు 110 డిగ్రీలకన్న చల్లబడిన పిమ్మట నిలుచును. గీతలు లెక్కించిన చల్లారిన కాలము తెలియును.

గంగాబ్రహ్మపుత్రలు మోసికొనివచ్చిన యొండ్రు బంగాళాఖాతపు టడుగున సుమారు 3,000 కిలోమీటర్లు పఱచుకొనియున్నది. 2015లో ‘జాయిడెస్ రిజల్యూషన్’ అను నౌకనుండి శాస్త్రజ్ఞు లా యడుగును దొలిచి మట్టి దీసిరి. రేణువు చల్లారిన కాలమునకును, సముద్రగర్భమున బడిన కాలమునకును నడుమ వ్యవధి తక్కువైనచో, హిమాలయము వేగముగా లేచి వేగముగా నరిగినదన్నమాట.

ఇదంతయు జెప్పగా మా మేనకోడలు గుప్పిట విప్పి, “అయితే యివి తాతమ్మకన్న పెద్దవా?” అన్నది. కసరిన పెద్దామెయు నవ్వినది. అమ్మలారా! మీ బిడ్డ యిట్టి ప్రశ్న వేసినపుడు, తెలియకున్న దెలిసికొని చెప్పుదమనుడు, నోరు మూయింపకుడు.